ఎర్ర పట్టీల పంక్తి

ఇరవై తొమ్మిది రోజులుగా నర్సు రక్షిత చూసే వార్డులో రోగులెవరూ కింద పడలేదు. కొత్త నర్సులకిచ్చిన రోగి భద్రత శిక్షణలో ఆమె పరీక్ష అదే: నెలంతా ఒక్క రోగీ కింద పడకపోతే సర్టిఫికెట్టు, పడితే శిక్షణ మళ్లీ మొదటినుంచి. చివరి ఉదయం ఏ పొరపాటూ జరగకూడదని, పడే ప్రమాదమున్న ముగ్గురి చేతులకు ఎర్ర గుడ్డపట్టీ కట్టాలనుకుంది. పట్టీ ఉన్నవాళ్లు ఒంటరిగా లేవకూడదు. నర్సే చెయ్యి పట్టుకుని నడిపించాలి.

మొదటి పట్టీ మునిలక్ష్మమ్మకు కట్టింది. పక్క మంచం ఆదిలక్ష్మమ్మ చెయ్యి చాపింది.

"నాది యాడ?"

"నీకెందుకవ్వా? బాగానే నడుస్తుండావు గదా."

"బాగా నడిచేదానికి శిక్షా? పంక్తిలో కూర్చోబెట్టినాక ఒకరికి పాయసం పోసి ఇంకొకరికి తప్పిస్తారామ్మా? మా కామసముద్రంలో అయితే ఇస్తరి మడిచి లేసిపోతారు."

అన్నట్టే మాత్ర మింగనని ముఖం గోడవైపు తిప్పుకుంది. "దీనికింత రగడ యెందుకు సిస్టరమ్మా" అంటూ ఆమె కొడుకు ఓబలప్ప భుజం మీది ఎర్ర తువ్వాలు చించాడు. రక్షిత మందుల గదికి వెళ్లి వచ్చేసరికి ఎనిమిది మంచాలకూ ఎనిమిది పట్టీలు పడ్డాయి. కట్టింది విప్పితే అశుభమని ఎవరూ విప్పనివ్వలేదు.

నియమాన్ని మాత్రం అందరూ నిష్ఠగా పాటించారు. నిన్నటిదాకా బస్టాండుకు పోయి టీ తాగి వచ్చిన ఆదిలక్ష్మమ్మ కూడా "సిస్టరమ్మా, చెయ్యి" అంది. మూడు గంటలయ్యేసరికి రక్షిత స్నానాలగదికి ఇరవై మూడుసార్లు వెళ్లివచ్చింది, తన పనిమీద ఒక్కసారీ కాదు.

అప్పుడే శిక్షకురాలు నాగరత్న మేడమ్ వచ్చింది.

"అందరూ ప్రమాదంలోనే ఉండారా? ఇంగ మామూలు రోగులు యెవరమ్మా?"

"పంక్తి భేదం కూడదంట మేడమ్" అంటూ ఇరవై నాలుగో పిలుపుకు తిరిగిన రక్షిత గడప తట్టుకుని బోర్లా పడింది.

ఎనిమిది మందీ ఒక్కసారిగా లేచి పరుగెత్తారు. ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోలేదు. మేడమ్ ఒక్కొక్కరినే లెక్కపెట్టింది. ఎవరూ పడలేదు.

మునిలక్ష్మమ్మ తన పట్టీ తానే విప్పి రక్షిత చేతికి కట్టింది. "పొద్దున్నే నీకు కట్టింటే సరిపోయేది తల్లీ."

పరీక్ష ఫారంలో పడిన రోగుల లెక్కకే గడి ఉంది, పడిన నర్సులకు లేదు కాబట్టి సర్టిఫికెట్టు వచ్చింది. లోపాల గడిలో మేడమ్ ఒకే వాక్యం రాసింది: పడే ప్రమాదమున్న తొమ్మిదో మనిషిని ముందుగా గుర్తించలేదు.