ఏడో కుండీ

శుక్రవారం ఉదయం స్వర్ణ వేసుకున్న ప్లానులో మూడే పనులున్నాయి. పులిహోర కలపడం, పెద్ద సూట్‌కేసు దులపడం, కరివేపాకు కుండీని ఎదురింటి మెహరున్నిసాకు అప్పగించడం. సాయంత్రం దమ్మాంలో బస్సెక్కితే తెల్లవారేసరికి ఉనైజా. ఆదివారానికి మళ్లీ జుబైల్. చిన్న సూట్‌కేసు జిప్పు పోయింది కాబట్టి పెద్దది తీయాల్సి వచ్చింది. ఆగస్టు ఎండకు రెండు పూటలా నీళ్లు పోయకపోతే కరివేపాకు ఎండిపోతుంది కాబట్టి కుండీ ఇవ్వాల్సి వచ్చింది.

ఉనైజాలో ఒక ఖర్జూరాల ప్యాకింగ్ కంపెనీకి కోల్డ్ స్టోరేజి మెకానిక్ కావాలి. స్వర్ణ భర్త నాగేందర్ పని అదే. జుబైల్లో అతను చేస్తున్న కంపెనీ సరిపడా సౌదీలను పెట్టుకోక సర్కారు వేసే నితాఖత్ లెక్కలో ఎర్ర జాబితాలోకి పడిపోయింది. ఎర్రలో ఉన్న కంపెనీకి ఇకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావు. నాగేందర్ ఇకామాకు ఇంకా ఇరవై రెండు రోజులుంది. ఈ నౌకరి దొరికితే పూచీ ఉండే కొత్త కఫీల్ పేరు మీదికి మారిపోవచ్చు. అతను క్వార్టర్ ఇస్తాడు, భార్యాబిడ్డలున్నందుకు సర్కారుకు కట్టాల్సిన లెవీ కూడా కడతాడు. దొరక్కపోతే స్వర్ణ, ఎనిమిదేళ్ల కూతురు సృజన జగిత్యాలకు వెళ్లిపోవాలి. నాగేందర్ ఎక్కడ ఉంటాడో అతనికీ తెలియదు. క్వార్టర్ కళ్లతో చూడాలని స్వర్ణ పట్టుబట్టడంతో ముగ్గురికీ టికెట్లు తీశారు.

"ఎవ్వలకు చెప్పకు," అన్నాడు నాగేందర్. "భూషణంకు తెలిస్తే వాడు గూడ ఒస్తడు. ఉన్నది ఒక్కటే నౌకరి."

భూషణం కింది అంతస్తులో ఉంటాడు. అదే కంపెనీ, అదే పని, ఇకామాకు దాదాపు అవే రోజులు. అతని భార్యాపిల్లలు నిరుడే ఊరికి వెళ్లిపోయారు.

స్వర్ణ కుండీ పట్టుకెళ్లి ఒక్క మాటే చెప్పింది. "రెండు రోజులు నీళ్లు పొయ్యక్కా."

మెహరున్నిసా కుండీని చూసింది. తెరిచిన తలుపులోంచి పెద్ద సూట్‌కేసును చూసింది. లెవీలు మొదలయ్యాక ఆ బిల్డింగు నుంచి ఆరు కుటుంబాలు ఇండియాకు వెళ్లిపోయాయి. ఆరుగురు ఆడవాళ్లూ చివరి రోజు కరివేపాకు కుండీ తెచ్చి, రెండు రోజులు నీళ్లు పోయమనే చెప్పారు. ఇక రామని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆరు కుండీలూ ఇప్పుడు ఆమె వరండాలో వరసగా ఉన్నాయి.

"సరే స్వర్ణా," అంటూ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు కోస్తూ వచ్చిందేమో అనుకుంది స్వర్ణ.

జుమా నమాజు కాగానే మెహరున్నిసా భర్త అబ్దుల్ ఘనీ ఒక కార్టన్ మోసుకొచ్చాడు. ఆయనది కడప, వ్యాన్ డ్రైవరు.

"చెప్పకుండా పోతాండారే నాగేందరూ. మేమేమన్నా పరాయోళ్లమా? ఇది మా అమ్మకు. హైదరాబాదులో మా తమ్ముడు అల్తాఫ్ వచ్చి తీసుకుంటాళ్లే."

నాగేందర్ స్వర్ణ వైపు చూశాడు. ఇండియాకు కాదంటే ఎక్కడికో చెప్పాలి. ఎక్కడికో చెబితే అది కింది అంతస్తుకు దిగడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఇండియాకు వెళ్లే మనిషి పార్సిల్ వద్దనడం ఆ బిల్డింగులో ఎవరూ వినలేదు.

"పెట్టండి భాయ్," అన్నాడు.

నాలుగు గంటలకల్లా కార్టన్లు తొమ్మిదయ్యాయి. పాలపొడి, దుప్పట్లు, బామ్ సీసాలు, ఒక ఇస్త్రీ పెట్టె. ప్రతిదానికీ తాడు కట్టి, మార్కర్‌తో ఊరి అడ్రసు రాశారు. ఆఖరుది భూషణం తెచ్చాడు. ఊళ్లో ఉన్న తల్లి గౌరవ్వకు ఖర్జూరాలు.

"వదినా, మీరు పోతే శుక్రారం నాకు ఎవలు బువ్వ పెడ్తరు?" అన్నాడు.

స్వర్ణ వంటింట్లోకి వెళ్లి, అప్పటికే కలిపిన పులిహోరను మళ్లీ కలిపింది.

ఘనీ తన వ్యాన్లో దమ్మాం తీసుకెళ్తానన్నాడు. భూషణం తోడెక్కాడు. ఎయిర్‌పోర్టుకు కాదు, బస్‌స్టేషన్‌కు అని నాగేందర్ అంటే, ఆ కారణం ఘనీయే ఊహించి చెప్పేశాడు.

"రియాద్ నుంచి ఫ్లైటా? తెలివైన పని చేసినావు. ఆడ టికెట్టు తక్కువ."

బస్సులో ముందు వరసలు కుటుంబాలవి, వెనక సీట్లు ఒంటరి మగవాళ్లవి. అడుగున ఏడు కార్టన్లు పట్టాయి. మిగిలిన రెండూ కాళ్ల కింద పెట్టుకుని స్వర్ణ మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చుంది. బస్సు కదలగానే సృజన అడిగింది.

"బాపూ, మనం ఇండియాకు పోతున్నమా?"

"లేదు బిడ్డా."

"మరి భూషణం కాకకు పోతున్నమని ఎందుకు చెప్పినవ్?"

"నేను చెప్పలేదు. వాళ్లే అనుకున్నరు."

రియాద్‌లో బస్సు మారాలి. నాగేందర్ తొమ్మిది కార్టన్లూ దించి, తొమ్మిదీ ఎక్కించాడు. ఈలోగా భూషణం మూడుసార్లు ఫోన్ చేశాడు. చెక్-ఇన్ అయిందా, కిటికీ సీటు దొరికిందా, విమానం ఎక్కారా. మూడో ఫోనుకు నాగేందర్ ఎక్కామన్నాడు.

"ఇగ ఫోన్ బందు పెట్టు. విమానంల మోగదు," అంది స్వర్ణ.

ఫోన్ బందయింది. ఉనైజా కంపెనీ యజమాని అబూ సాలెహ్ వాళ్ల కోసం బస్‌స్టేషన్‌కు కారు పంపాడు. డ్రైవరు అరగంట ఫోన్ చేసి చేసి, రాలేదనుకుని తిరిగి వెళ్లిపోయాడు. ఎనిమిదికి రావాల్సిన మెకానిక్, గొర్రెల మేత తీసుకెళ్తున్న ఒక పికప్‌లో పదింబావుకు వచ్చాడు. మేత మీద తొమ్మిది కార్టన్లు, కార్టన్ల మధ్య కూతురు.

అబూ సాలెహ్ గడియారం చూశాడు. కార్టన్ల మీది అడ్రసులు చదివాడు. అన్నింటి కిందా ఇండియా అని ఉంది.

"ఖురూజ్ ముద్ర కొట్టించుకుని దేశం వదిలి ఇంటికి పోయేవాడివి, నా దగ్గర ఏం పని?" అని అరబ్బీలో అడిగాడు.

నాగేందర్‌కు వచ్చింది ఏడేళ్ల సైటు అరబ్బీ. అందులో పైపులకు, వాల్వులకు మాటలున్నాయి. పార్సిళ్లు ఎందుకు తెచ్చాడో చెప్పడానికి లేవు. మాటలు వెతుక్కుంటుండగా అలసిపోయిన సృజన గౌరవ్వ కార్టన్ మీద కూర్చుంది. కార్టన్ చెమ్మతో మెత్తబడి ఉందేమో, కూలబడింది. అందులోంచి జారిపడిన పెట్టె మూత ఊడి, పుల్లటి వాసన వచ్చింది.

ఆ పెట్టె మీద ఉన్నది అబూ సాలెహ్ కంపెనీ పేరే.

ఆయన మొహం మారింది. జుబైల్ దుకాణాలవాళ్లు తనను సిగ్గుపరచడానికి మనిషిని పంపారా అని అడిగాడు. సరుకు ఇక్కడ బాగానే ఎక్కుతోందని, ఏసీ ఆపి పాడు చేస్తున్నది లారీ డ్రైవర్లేనని గొంతు పెంచాడు. స్వర్ణకు అరబ్బీ రాదు. కానీ క్వార్టర్ పోయిందని అర్థమైంది. కూతురి చెయ్యి పట్టుకుని లేపింది.

నాగేందర్ మాత్రం పెట్టెను తిరగేసి అడుగు చూస్తున్నాడు. అట్ట మీద చెమ్మ గీతలున్నాయి, ఒకదాని పైన ఒకటి, నాలుగు. చల్లదనం తప్పిన ప్రతిసారీ ఒక గీత పడుతుంది. వాటిని వేలితో చూపించాడు.

"లారీ ఒక్కసారి. గీత ఒక్కటి," అన్నాడు తన అరబ్బీలో. "ఇది నాలుగు. గది చూపించు."

కోల్డ్ స్టోరేజి గది తలుపు రబ్బరు ఒక పక్క ఊడి ఉంది. లోపల కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టింది. సాయంత్రానికి గడ్డ కరిగించి, రబ్బరు సరిచేసి, గది చల్లబడటం మొదలయ్యాక నాగేందర్ బయటికి వచ్చాడు. అబూ సాలెహ్ వాళ్లకు క్వార్టర్ తాళాలిచ్చి చూసుకోమన్నాడు. బురైదాలో తనకు ఇంకో గోడౌన్ ఉందని, నీలాంటివాడు ఇంకొకడు ఉన్నాడా అని అడిగాడు.

నాగేందర్ భార్య వైపు చూశాడు. స్వర్ణ అతని జేబులోంచి ఫోన్ తీసి ఆన్ చేసి, తనే నంబరు నొక్కింది.

"దిగిండ్రా వదినా?" అన్నాడు భూషణం.

"దిగినం. ఉనైజల."

"విమానం ఉనైజకు పొయ్యిందా?"

"బస్సే పొయ్యింది. నీకు చెప్పకుంట అచ్చినం, తప్పయింది. ఇకామా కాపీ తీస్కొని రేపటి బస్సెక్కు. నీకు గూడ నౌకరి ఉన్నది."

"మా అమ్మకిచ్చిన ఖర్జూరాలో?"

"పులిసినయ్. అవ్విటి పుణ్యమే ఇది."

ఆదివారం మధ్యాహ్నం ఎనిమిది కార్టన్లతో జుబైల్లో దిగారు. మెహరున్నిసా తలుపు తీసి, మనిషిని చూసి, కార్టన్లను చూసింది.

"నేను రెండు రోజులే అన్న గదక్కా," అంది స్వర్ణ.

మెహరున్నిసా వరండాలోకి వెళ్లి కుండీ తెచ్చి చేతిలో పెట్టింది. ఏడు కుండీల్లో తిరిగి వెళ్లింది అదొక్కటే. అది స్వర్ణది కాదు, కానీ ఆకు దానికే ఎక్కువ ఉండటంతో స్వర్ణ దాన్నే ఇంట్లోకి తీసుకెళ్లింది.