దేవాంగపిల్లి, అగ్నిశిఖల విచారణ

కొండమీదుగా రోడ్డు పడబోతోందని తెలిసి దేవాంగపిల్లీ, అగ్నిశిఖ తీగా రక్షణ కోరుతూ బస్సెక్కి పట్నంలోని వర్గీకరణ కార్యాలయానికి వచ్చాయి. కండక్టరు తీగకు అర టికెట్టు కొట్టాడు.

విచారణాధికారి హేమాద్రి కూర్చోమన్నాడు. పిల్లి కుర్చీ ఎక్కింది. తీగ ఆకుకొనలతో కుర్చీకాలు పట్టుకుని నిలబడింది. పగటి వెలుతురు పడక పిల్లి చేతులతో ముఖం కప్పుకుని, వేళ్లసందుల్లోంచి చూస్తోంది.

"నా కళ్లు పుట్టుకతోనే ఇంత సార్. మిమ్మల్ని గుడ్లురిమి చూస్తా ఉండాననుకోవద్దు," అంది.

హేమాద్రి తన కుర్చీని కిటికీవైపు తిప్పుకున్నాడు.

ఈ కేసులో అప్పటికే ఆలస్యమైంది. పేరులో పిల్లి ఉందని ఒకరిని పశువుల ఆసుపత్రికీ, పేరులో అగ్ని ఉందని మరొకరిని అగ్నిమాపక కేంద్రానికీ పంపారు. అక్కడ తీగను బాగా తడిపి వెనక్కి పంపారు. పిల్లి నిజానికి కోతికి చుట్టమని రుజువయ్యేసరికి రోడ్డు సగం కొండెక్కింది. రక్షణ ఒకరికే ఇవ్వగలరు. ఎవరికన్నది పోల్చి తేల్చాలి. పోల్చాలంటే ఇద్దరూ ఒకే వర్గానికి చెందాలి. ఒకటేమో జంతువు, ఒకటేమో మొక్క.

"ఆయనకే ఇచ్చేయండి సార్," అంది తీగ. "బిడ్డలుండారు. నన్నెట్లాగూ మందుకని తవ్వుకుపోతానే ఉండారు."

"ఆయమ్మ పొదలోనే గదా సార్ నేను పండుకొనేది. ఆయమ్మ పోతే నన్ను కాపాడి ఎక్కడ పెడతారు?" అంది పిల్లి.

పైనుంచి ఫోనొచ్చింది, ఇంకా తేలలేదా అని. హేమాద్రి చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఇద్దరికీ సరిపోయే వర్గం ఒకటే దొరికింది. 'రోడ్డుకు అడ్డం' అని రాసి సంతకం చేశాడు. ఆ వర్గానికి రక్షణ వర్తించదు. దాన్ని అటెండరుచేత చదివించాడు. తమను విడదీయనందుకు ఇద్దరూ దండం పెట్టి వెళ్లిపోయారు. హేమాద్రికి ముఖం ఎక్కడ దాచుకోవాలో తోచలేదు.

తర్వాత మునెమ్మను పిలిచారు. అదే కొండమీద గుడిసెలో ఉండే ముసలావిడ. హేమాద్రి 'మనిషి' అని రాయబోయి ఆగాడు.

"పట్టా ఉందా అవ్వా?"

"మాకెవురిచ్చినారు నాయనా? ముందు పోయినోళ్లకి ఏం రాసినావో నాకూ అదే రాయి. దండం పెట్టి పోయినారంటే మంచిదే అయ్యుంటాది."

హేమాద్రి రాశాడు.

"వేలిముద్ర యాడ ఎయ్యాల?"

తలెత్తకుండానే చోటు చూపించాడు.