కారస్టన్ మైదానంలో కొత్త లైట్లు

ఏప్రిల్ రెండో సోమవారం సాయంత్రం ఐదు గంటల యాభై నిమిషాలకు కారస్టన్ మైదానంలో లైట్లు ఆరిపోయాయి. అప్పటికి ఆ మైదానం సొంత జట్టు వెండర్‌షైర్ తొమ్మిది వికెట్లు పోగొట్టుకుని ఉంది. మ్యాచ్ డ్రా అయింది.

సీజన్‌లో ఇది మొదటి మ్యాచ్. వెండర్‌షైర్ గెలిచే అవకాశం శుక్రవారం టాస్ వేసేదాకా ఉంది. టాస్ గెలిచిన లోథర్‌షైర్ జట్టు శనివారం మధ్యాహ్నం దాకా బ్యాటు కింద పెట్టలేదు. ఆ తర్వాత వెండర్‌షైర్ ఒకసారి ఆలౌటయింది, మళ్ళీ బ్యాటింగ్ చెయ్యమంటే దిగింది, సోమవారమంతా రెండోసారి ఆలౌటయ్యే పనిలో ఉంది. ఇలాంటి మ్యాచ్‌లో డ్రా అంటే ఓడిపోకపోవడం. కారస్టన్‌లో దాన్ని విజయం అంటారు. అసలు విజయాన్ని ఏమనాలో తేల్చుకోవలసిన అవసరం చాలా కాలంగా రాలేదు.

ఇక లైట్ల సంగతి. క్లబ్ ఛైర్మన్ సర్ క్లెమెంట్ బ్రాక్స్‌టన్ ఇంటి తోటల్లో పెట్టుకునే చెక్క షెడ్లు అమ్మి పైకొచ్చిన మనిషి. మైదానం చుట్టూ ఆరు స్తంభాలు నిలబెట్టి లైట్లు పెట్టించింది ఆయనే. మార్చిలో పొద్దున పదకొండు గంటలకు వాటిని ప్రారంభించారు. ఎండ కాస్తోంది. లైట్లు వెలిగాయని ప్రకటించాక సభ్యులు చప్పట్లు కొట్టారు. "ఈ రోజు నుంచి కారస్టన్‌కు చీకటి లేదు. వెలుతురు చాలక మ్యాచ్ ఆగిపోయే అనాగరిక యుగం ముగిసింది" అని సర్ క్లెమెంట్ ప్రసంగించారు.

గత మూడు సీజన్లలో వెండర్‌షైర్ ఓడిపోకుండా బయటపడ్డ మ్యాచ్‌లన్నీ వెలుతురు చాలక ఆగిపోయినవే. ఈ సంగతి కమిటీలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ప్రస్తావించలేదు. ఆట్రిడ్జ్ అనే పెద్దాయన మాత్రం లేచి, "మరి మనం ఓడిపోతున్నప్పుడు చీకటి పడకపోతే మన గతేంటండీ?" అని అడిగాడు. అది నిరాశావాదమని ఛైర్మన్ సమాధానమిచ్చారు. ఆట్రిడ్జ్ కూర్చున్నాడు.

లైట్ల ఖర్చు కోసం క్లబ్ తన టీ గదిని మూసేసింది. దాన్ని మూసివేత అనలేదు, ఆతిథ్య విభాగ పునర్వ్యవస్థీకరణ అన్నారు. సభ్యులు ఎదురు చెప్పలేదు. మర్నాటి నుంచి ఎవరి ఎలక్ట్రిక్ కెటిల్ వాళ్ళు తెచ్చుకున్నారు. ఏప్రిల్‌లో కౌంటీ క్రికెట్ చూడటానికి వచ్చేవాళ్ళు దుప్పటి మర్చిపోతే మర్చిపోతారు, టీ మానరు. పెవిలియన్‌లో సభ్యులు కూర్చునే పొడవు గదిలో ఉన్న ప్లగ్గులు చాలక పొడుగు వైర్లు లాగారు. ఒక్కో వైరుకు అరడజను కెటిళ్ళు తగిలించారు. సీజన్ మొదలయ్యేసరికి ఆ గదిలో కుర్చీల కంటే కెటిళ్ళు ఎక్కువ ఉన్నాయి.

లైట్లకు విడిగా కరెంటు లైను వెయ్యాలంటే గులాబీ మడి తవ్వాలని కాంట్రాక్టర్ చెప్పాడు. ఆ మడి కింద మాజీ కార్యదర్శి కుక్క బ్రిగేడియర్‌ను పాతిపెట్టారు. సభ్యులు ఓటు వేసి కుక్కను గెలిపించారు. దాంతో లైట్లను పెవిలియన్ కరెంటుకే కలపాల్సి వచ్చింది. "లోపల ఇంకేమైనా నడుస్తాయా?" అని కాంట్రాక్టర్ అడిగాడు. "ఏమీ లేదయ్యా, టీ గది మూసేశాం కదా" అని కార్యదర్శి చెప్పాడు. ఆయన చెప్పినది నిజమే.

సోమవారం పొద్దున ఆట మొదలవకముందు సర్ క్లెమెంట్ కార్లు ఆపే చోట కెప్టెన్ డెరెక్ ఆస్గర్బీని పక్కకు పిలిచారు.

"డెరెక్, నువ్వంటే నాకెంత గౌరవమో నీకు తెలుసు."

ఈ దేశంలో కొన్నాళ్ళున్న ఎవరికైనా ఈ మాట వినగానే సంగతి అర్థమవుతుంది. ఆస్గర్బీకీ అర్థమైంది.

"చెప్పండి సార్."

"ఇవాళ ఓడితే కెప్టెన్‌ను మార్చక తప్పదు. కమిటీ నిర్ణయం."

"కమిటీ ఎప్పుడు కూర్చుంది సార్?"

"పొద్దున్నే. నేను కూర్చున్నాను."

కొత్త కెప్టెన్‌గా పియర్స్ పేరు ఖరారైంది. పియర్స్ ఛైర్మన్ అల్లుడు. ఈ మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ సున్నాకే ఔటయ్యాడు. దీన్ని నిలకడ అని ఛైర్మన్ పేర్కొన్నారు.

ఆస్గర్బీకి ముప్పై ఆరేళ్ళు. స్కూలు వదిలిన దగ్గర్నుంచి వెండర్‌షైర్‌కే ఆడుతున్నాడు. కెప్టెన్సీ పోతే జట్టులో చోటు కూడా పోతుంది. ఆ వయసువాణ్ణి ఇంకో కౌంటీ తీసుకోదు. అతనికి వేరే పని తెలియదు. ఒక శీతాకాలం సర్ క్లెమెంట్ కంపెనీలో షెడ్లు అమ్మి చూశాడు. ఒక్క షెడ్డూ అమ్ముడుపోలేదు. కొనడానికి వచ్చినవాళ్ళకు అందులో వాన కురుస్తుందని చెప్పేవాడు.

అతను పొద్దున బ్యాటింగ్‌కు వచ్చాడు. లంచ్‌కు ముందు ఒక బౌన్సర్ తగిలి ఎడమ చేతి చిటికెన వేలు విరిగింది. దాన్ని పక్క వేలికి కట్టించుకుని మళ్ళీ నిలబడ్డాడు. లంచ్ తర్వాత అతను చేసిన పరుగులు తక్కువ. వదిలేసిన బంతులు ఎక్కువ. ఒక్కో బంతి వదిలినప్పుడల్లా పెవిలియన్‌లో చప్పట్లు కొట్టారు. టీ తర్వాత పొరపాటున ఒక ఫోర్ వెళ్ళింది. అప్పుడు ఎవరూ కొట్టలేదు.

లోథర్‌షైర్ వికెట్ కీపర్ అతని వెనకాల నిలబడి రోజంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఏం గురూ, పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నావ్. మీ ఆవిడ ఇంట్లోంచి గెంటేసిందా?"

"లేదు. ఇంట్లో హీటర్ పాడైంది. దానికంటే ఇక్కడే నయం."

అప్పుడు మైదానంలో ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు.

ఐదున్నరకు తొమ్మిదో వికెట్ పడింది. చివరి బ్యాటర్ ఇద్రిస్ ప్రోబర్ట్ వచ్చాడు. ఇద్రిస్ వేల్స్ మనిషి, బౌలర్. బ్యాటును గొడుగు పట్టుకున్నట్టు పట్టుకుంటాడు.

"ఏం చెయ్యమంటావ్ అన్నా?" అని అడిగాడు.

"ఏమీ చెయ్యకు."

"అది నాకు బాగా వచ్చు."

"పోయినేడు కూడా ఇదే మాటన్నావురా. అని బంతిని గాల్లోకి లేపావ్."

"ఆ బంతి అంత మెల్లగా, అంత మర్యాదగా వస్తే ఎలా కాదంటాను?"

"ఇవాళ మర్యాద వద్దు. ఎవడొచ్చినా తలుపు తియ్యకు."

మబ్బులు కమ్మాయి. పోయినేడైతే ఈ వెలుతురులో అంపైర్లు ఆట ఎప్పుడో ఆపేసేవారు. ఈ ఏడు లైట్లున్నాయి. లోథర్‌షైర్ ఫాస్ట్ బౌలర్ స్తంభం కింది నుంచి పరిగెత్తుకొస్తుంటే అతని నీడలు నాలుగు కనబడ్డాయి. ఆస్గర్బీ అంపైర్ డాగెట్ దగ్గరికి నడిచాడు.

"సార్, బంతి కనబడట్లేదండి."

డాగెట్ వెలుతురు కొలిచే మీటర్ తీసి చూశాడు.

"నాకు కనబడుతోందయ్యా. ఎంత బావున్నాయో చూడు ఆ లైట్లు! మీ ఛైర్మన్‌గారే పెట్టించారటగా?"

"ఆయనే పెట్టించారు సార్."

"అదృష్టవంతులు మీరు. పద, ఆడు."

ఛైర్మన్ అప్పుడు పై అంతస్తు బాల్కనీలో ఉన్నారు. షెడ్లకు తలుపులు సరఫరా చేసేవాళ్ళకు లైట్లు చూపిస్తున్నారు. ఆట చూడలేదు. డ్రా అయితే క్లబ్‌కు గౌరవం, ఓడితే లైట్లకు గౌరవం అని ఆయన అతిథులకు వివరించినట్టు తెలిసింది.

కింద పొడవు గదిలో సభ్యులు కూడా ఆట చూడటం లేదు. కారణం వేరు. చివరి జోడీ క్రీజులో ఉన్నప్పుడు వెండర్‌షైర్ సభ్యులు మైదానం వైపు చూడరు. చూస్తే వికెట్ పడుతుందని నమ్మకం. చూడకపోయినా పడుతుందని రికార్డులు చెబుతాయి, కానీ రికార్డులను బట్టి నమ్మకాలు మార్చుకునే అలవాటు ఏ ఊళ్ళోనూ లేదు. అందుకని అందరూ కిటికీలకు వీపు తిప్పి టీ పెట్టుకుంటారు. టీ గది ఉన్న రోజుల్లో ఈ పని ఒక పెద్ద పాత్ర చేసేది.

ఎనిడ్ గాథర్‌కోల్ అనే ఆవిడ అల్లుతున్న మేజోడు పక్కన పెట్టింది.

"ఇక నావల్ల కాదమ్మా. నేను పెట్టేస్తున్నా."

"పెట్టండి ఎనిడ్‌గారూ, నేనూ పెడుతున్నా. ఇద్రిస్ ఎక్కువసేపు ఉండడు" అన్నాడు ఆట్రిడ్జ్.

"వాడు చంటాడిలా భయపడుతున్నాడు పాపం. చూశారా?"

"చూడకూడదండీ! అటు తిరగండి!"

అందరూ తిరిగారు. అందరూ స్విచ్ వేశారు. మైదానంలో ఇద్రిస్ ప్రోబర్ట్‌కు ఆ ఓవర్లో ఐదో బంతి వెయ్యడానికి బౌలర్ పరుగు మొదలుపెట్టాడు. ఆరు స్తంభాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. బౌలర్ ఆగాడు. ఇద్రిస్ ఆగలేదు. రాని బంతిని జాగ్రత్తగా అడ్డుకున్నాడు.

పొడవు గదిలో కూడా కరెంటు పోయింది. చీకట్లో ఎనిడ్ గాథర్‌కోల్ గొంతు వినబడింది.

"నీళ్ళు కాగాయా?"

"కాగలేదండి."

ఆ రోజు సభ్యులకు తగిలిన పెద్ద దెబ్బ ఇదే.

ఆ రకం లైట్లు ఒకసారి ఆరితే చల్లబడి మళ్ళీ వెలగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మిగిలిన ఆట అంత లేదు. డాగెట్ మీటర్ తీసి చూశాడు, ఆట ముగిసినట్టు బెయిల్స్ తీసి జేబులో వేసుకున్నాడు. "బంతి బాగానే కనబడుతోంది కదండీ!" అని లోథర్‌షైర్ కెప్టెన్ అరిచాడు. "నాకు ఐదున్నర నుంచీ కనబడట్లేదు" అని ఆస్గర్బీ చెప్పి పెవిలియన్ వైపు నడిచాడు. ఇద్రిస్ ఇంకా క్రీజులోనే ఉన్నాడు. ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దన్నారు కాబట్టి వెళ్ళొచ్చని చెప్పడానికి ఒకరు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది.

సర్ క్లెమెంట్ టార్చి వెలుతురులో ప్రసంగించారు. "ఈ డ్రా దూరదృష్టికి దక్కిన ఫలితం. లైట్లు పెట్టొద్దని కొందరు అన్నారు. వాళ్ళ మాట వినుంటే ఇవాళ ఆరిపోవడానికి మనకు లైట్లే ఉండేవి కావు." సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆస్గర్బీ అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రసంగంలో అతని పేరు రాలేదు. సమయం చాలలేదని తర్వాత తెలిపారు.

మర్నాడు కాంట్రాక్టర్ వచ్చాడు. పొడవు గది తలుపు తీసి, లోపల చూసి, మళ్ళీ మూశాడు. లైట్లు కావాలో కెటిళ్ళు కావాలో తేల్చుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. ఈ విషయం తేల్చడానికి గురువారం సాయంత్రం అదే గదిలో సభ్యుల ప్రత్యేక సమావేశం పెట్టారు. ఛైర్మన్ దానికి రెండో అంశం చేర్చారు: కెప్టెన్ మార్పు. 'ఓడితే' అన్నదాన్ని 'గెలవకపోతే' అని అర్థం చేసుకోవాలని, ఉన్నత ప్రమాణాలున్న క్లబ్‌లో రెండూ ఒకటేనని ఆయన వివరించారు. పత్రికల ఫొటోగ్రాఫర్లు వస్తున్నారని బయట ఆరు స్తంభాల లైట్లూ వేయించారు.

ఆస్గర్బీ చేతికి కట్టుతో వచ్చి వెనక వరసలో, గోడ పక్కన కూర్చున్నాడు.

మొదటి అంశం మీద గంటన్నర చర్చ జరిగింది. కుక్కను ఇంకో చోటికి మారిస్తే సరిపోతుంది కదా అని కొత్తగా చేరిన సభ్యుడొకడు సూచించాడు. అతన్ని మళ్ళీ మాట్లాడనివ్వలేదు. చివరికి లైట్లూ ఉంటాయి, కెటిళ్ళూ ఉంటాయి, రెండూ ఒకేసారి ఉండవు అని తీర్మానించారు. దాని ప్రకారం ఇకమీదట పొద్దున ఆట మొదలైనప్పటి నుంచి టీ విరామం దాకా లైట్లు వెలుగుతాయి. టీ విరామం నుంచి ఆరిపోతాయి. ఇది సమతుల్యమైన పరిష్కారమని ఛైర్మన్ ప్రశంసించారు. భారీ మెజారిటీతో ఆమోదించారు.

తర్వాత ఆయన రెండో అంశానికి వచ్చారు.

"డెరెక్ అంటే నాకెంత గౌరవమో మీకందరికీ తెలుసు. అందుకే బాధతో..."

ఆస్గర్బీ లేచాడు.

"సార్, ఒక్క నిమిషం. ఎవరికైనా టీ కావాలా?"

గదిలో అందరూ చేతులెత్తారు. ఈ క్లబ్‌లో సభ్యులు ఏకగ్రీవంగా చేతులెత్తడం ఇదే మొదటిసారని ఆట్రిడ్జ్ ధ్రువీకరించాడు.

"ఆ విరిగిన వేలితో నువ్వెందుకు నాయనా? కూర్చో. మా కెటిళ్ళు మేం పెట్టుకుంటాంలే" అంది ఎనిడ్ గాథర్‌కోల్.

"పర్లేదండీ. గోడ పక్కనే ఉన్నాను కదా, నాది ముందు పెడతాను" అన్నాడు ఆస్గర్బీ.

సభ్యులంతా లేచి ఎవరి కెటిల్ దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. "కూర్చోండి, కూర్చోండి" అని ఛైర్మన్ రెండుసార్లు అన్నారు. తనకు పాలు ఎక్కువ వెయ్యమని పియర్స్ చెప్పాడు. బయట ఆరు స్తంభాలూ, లోపల గదీ ఒకేసారి చీకటయ్యాయి.

చీకట్లో ఎత్తిన చేతులను లెక్కపెట్టకూడదని క్లబ్ నియమావళిలో ఉంది. వెలుతురు చాలనందున సమావేశాన్ని వాయిదా వేస్తున్నట్టు కార్యదర్శి ప్రకటించాడు. నియమావళి ప్రకారం తర్వాతి సమావేశం అక్టోబరులో ఉంది. క్రికెట్ సీజన్ సెప్టెంబరుతో ముగుస్తుంది. అప్పటిదాకా ఆస్గర్బీ కెప్టెన్.

ఆ సాయంత్రం కూడా నీళ్ళు కాగలేదు.