అజుకి అనే గుర్రానికి నా సంతాపం

నా కలం పేరు ఉక్కు బొటనవేలు. ఆ పేరు పెట్టుకున్నప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు, నా బొటనవేలికీ అంతే. ఇప్పుడు నాకు యాభై నాలుగు. వేలికి మాత్రం ఎనభై దాటాయి.

అసలు పేరు కురమోచి తెత్సురో. ఆ పేరుతో మా ఆవిడకీ, వార్డు ఆఫీసుకీ తప్ప ఎవరికీ పని లేదు. వీడియో గేముల వారపత్రికలో పాతికేళ్లుగా సమీక్షలు రాస్తున్నాను. అంటే, రాసేవాణ్ణి. ఈ 'రాసేవాణ్ణి' దాకా ఎలా వచ్చానో చెప్పాలంటే తల ఎత్తబుద్ధి కావడం లేదు. అయినా మీరు సాకే మందు పోయించారు కాబట్టి చెబుతాను. నవ్వొస్తే గిన్నె అడ్డం పెట్టుకోండి.

మా పత్రిక పద్ధతి మీకు తెలిసిందే. కొత్త ఆట ఏది వచ్చినా నలుగురం ఆడాలి. తలా పదికి ఇన్నని మార్కులు వేసి, పైన మంచి, కింద చెడు రాయాలి. నాతో పాటు ఇంకో ముగ్గురు. 'నిద్రలేని నక్క' అని ఒకాయన, సమావేశంలో కుర్చీ తగలగానే గురక పెడతాడు. 'చేదు కాకర' అని ఇంకొకాయన, ఏ ఆటకీ ఆరు దాటి మార్కులు వేసిన పాపాన పోలేదు. మూడో ఆవిడ 'పట్టు రుమాలు'. ఆట మొదలుపెట్టమని అడిగే బొమ్మ చూసినా ఆవిడకు కన్నీళ్లొస్తాయి.

పోయిన ఫిబ్రవరిలో 'మంచుదారి రౌతు' రెండో భాగం వచ్చింది. ఉత్తరాలు మోసే ఒక అమ్మాయి, అజుకి అనే ఆడగుర్రం, మంచు కొండల నిండా దొంగలు, ఎలుగుబంట్లు. మొదటి భాగాన్ని దేశమంతా నెత్తిన పెట్టుకుంది. రెండోది విడుదలకి మూడు వారాల ముందే మా నలుగురికీ పంపారు. ముగింపు ఎవరికీ చెప్పబోమని కాగితం మీద ముద్రలు కూడా వేసి ఇచ్చాం.

అడుగున వెచ్చగా ఉండే కొతాత్సు బల్ల దుప్పటి కింద కాళ్లు పెట్టుకుని, పక్కన నారింజ పళ్లు పెట్టుకుని, ఠీవిగా మొదలుపెట్టాను. పావుగంటలో గడ్డకట్టిన వంతెన వచ్చింది. వంతెన మీద ఎలుగుబంటి. అది నన్ను చంపింది. మళ్లీ వెళ్లాను, మళ్లీ చంపింది. సాయంత్రానికి నలభై ఒక్కసార్లు చచ్చాను. నారింజ పళ్లు కూడా అయిపోయాయి.

మా ఆవిడ ఫుమియే ఆరిన బట్టలు ఎత్తుకుని అటుగా పోతూ ఆగింది.

"అది కుడి చెయ్యి ఎత్తినప్పుడు మీరు ఎడమవైపు దూకాలండీ."

"నీకేం తెలుసు?"

"నాకేం తెలుస్తుందిలెండి. మీరు పోయినప్పుడల్లా అది కుడి చెయ్యే ఎత్తుతోంది."

"నేను కావాలనే పోతున్నాను. ఎలుగు ఎన్ని రకాలుగా చంపుతుందో చూడాలి. అదీ సమీక్షలో భాగమే."

"ఒకే రకంగా చంపుతోంది కదండీ" అని బట్టలు మడత పెట్టుకుంటూ వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నాలుగేళ్ల కిందట మొదటి భాగం కూడా నేను పూర్తి చెయ్యలేదు. పూర్తి చేసింది ఫుమియే. నేను భోజనాల దగ్గర ఆవిడ మాటలు వింటూ రాశాను. రాసి ఊరుకున్నానా? చివర్లో చమత్కారం ఉండాలని ఒక వాక్యం అంటించాను: 'కంట్రోలర్ ఏ చివర పట్టుకోవాలో తెలియని మా ఆవిడ కూడా ఈ ఆట చూసి ముచ్చటపడింది.'

ఆ ముక్కను ఫుమియే కత్తిరించి, చేపల కొట్టువాడిచ్చిన అయస్కాంతంతో ఫ్రిజ్ తలుపుకి పెట్టింది. నాలుగేళ్లుగా అక్కడే ఉంది. పాల కోసం తలుపు తీసినప్పుడల్లా చూసుకునేవాణ్ణి. నా రాత మీద ఎంత ప్రేమో అనుకునేవాణ్ణి. అంత తెలివి నాది.

సరే, ఈసారీ అదే దారి పట్టాను. మర్నాడు పొద్దున్న బూట్లు వేసుకుంటూ అన్నాను, "ఏమోయ్, ఈ యంత్రం ఊరికే వేడెక్కుతోంది. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా కాస్త ఆడిస్తూ ఉండు. ఎంత వేడెక్కుతుందో చూడాలి."

"ఊరికే ఆన్ చేసి ఉంచితే చాలదా?"

"చాలదు. ఎలుగు మీదకి పరుగెత్తితేనే వేడెక్కుతుంది."

"అలాగేనండీ. యంత్రం కోసం పరుగెత్తుతాను."

సాయంత్రం వచ్చేసరికి ఆవిడ వంతెన దాటడమే కాదు, మూడు లోయలు కూడా దాటింది. అన్నం తింటూ నేను ఏదో మాటవరసకి అడిగినట్టు అడిగేవాణ్ణి. ఆవిడ చెప్పేది. విన్నది మర్చిపోకుండా వేన్నీళ్ల తొట్టిలో కూర్చుని వల్లె వేసుకునేవాణ్ణి. పదకొండు రోజులు అలా గడిచాయి. నా ఒళ్లు ఎప్పుడూ అంత శుభ్రంగా లేదు.

పన్నెండో రోజు భోజనాల దగ్గర ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"ఏమైంది?"

"ఆట అయిపోయిందండీ. అజుకి…" అని కళ్లకి ఆప్రాన్ అద్దుకుంది. "ఆఖరి ఉత్తరం ఇచ్చి వెనక్కి తిరుగుతారు. సగం దారిలో మంచులో పడుకుంటుంది. ఇంక లేవదు. ఆ పిల్ల జీను మీద గుడ్డ తీసి దానికి కప్పుతుంది. సంగీతం కూడా ఆగిపోతుంది. గాలి చప్పుడు ఒక్కటే."

ఆ రోజు తొట్టిలో కూర్చుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఇది మాత్రం అబద్ధం కాదు.

సమావేశంలో సంపాదకుడు ఒనోదెరా గారు మా నలుగురినీ అడిగారు, "ఎలా ఉంది?"

పట్టు రుమాలు, చేదు కాకర నా వంక చూశారు. నేను గొంతు సవరించుకున్నాను. "ఆఖరి అధ్యాయంలో… ఆ గుర్రం…" అని ఆపేశాను.

నిద్రలేని నక్క కళ్లు తెరిచాడు. "ఆ గుర్రమే" అన్నాడు.

పట్టు రుమాలు అప్పటికే రుమాలు తీసింది. "నేను రెండు రోజులు అన్నం తినలేదు."

చేదు కాకర చాలాసేపు కిటికీలోంచి చూసి, "తొమ్మిది" అన్నాడు. ఒనోదెరా గారి చేతిలో కలం జారి కింద పడింది. ఆయన నోట తొమ్మిది రావడం ఎవరూ వినలేదు.

"ముగింపు బయటపెట్టకండి. సూచనగా రాయండి" అన్నారు సంపాదకులు. సూచనగానే రాశాం. నలుగురం, పేజీ మీద గీసిన నాలుగు పెట్టెల్లో. నాది ఇలా ఉంది: 'మంచి: ఆ మూగజీవి వీడ్కోలు. చెడు: ఆ మూగజీవి వీడ్కోలు.' పాతికేళ్లలో అంత బాగా ఎప్పుడూ రాయలేదని మురిసిపోయాను.

ఆట విడుదలైంది. వారానికల్లా ఉత్తరాలు మొదలయ్యాయి.

'ఆట మూడుసార్లు పూర్తి చేశాను, గుర్రం బాగానే ఉంది. వీడ్కోలు ఎక్కడ?' అని ఒకరు. 'ముప్పై గంటలు మేత పెట్టకుండా చూశాను. నా వంక చూసి సకిలిస్తోంది, నాకు నిద్ర పట్టడం లేదు' అని ఇంకొకరు. సెందాయ్ నుంచి ఒక రిటైరైన మాస్టారు కొండలన్నీ తిరిగి, సమాధి లేని చోట్లన్నీ గుర్తుపెట్టి పటం గీసి పంపారు.

ఆపైన ఆట కంపెనీ నుంచి ఫోన్. అవతలి గొంతు ఎంతో మర్యాదగా ఉంది. "మీ ఆప్యాయమైన మాటలకి కృతజ్ఞతలండీ. చిన్న సందేహం. మా గుర్రం ఎక్కడ పోయిందో సెలవిస్తారా? అది పోకపోవడం పూర్తిగా మా లోపమే, క్షమించాలి."

ఇంటికి పరుగెత్తాను. బూట్లతోనే చాప మీదకి ఎక్కేశాను.

"ఫుమియే! గుర్రం చచ్చిందా, లేదా?"

"బూట్లు విప్పండి."

"చచ్చిందా?"

"ఎందుకు చస్తుందండీ? చివర్లో దానికి పిల్ల పుడుతుంది. ఎంత ముద్దుగా ఉందో!"

నాకు కాళ్ల కింద చాప కదిలినట్టయింది. "మరి నాతో చచ్చిందన్నావే! ఏడ్చావే! అన్నం మానేశావే!"

"ఆ సాయంత్రం పక్కింటావిడ ఇచ్చిన కేకు తిన్నాను, ఆకలి లేదు."

"పత్రికలో రాసేశాను!"

"అదెలాగండీ?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టింది. "నేను యంత్రం వేడి చూడ్డానికి ఆడినదాన్ని. రాసేవారు మీరు. స్వయంగా ఆడి కదా రాస్తారు?"

ఆవిడ నా భుజం మీదుగా ఫ్రిజ్ వైపు చూసింది. నేనూ తిరిగి చూశాను. ఏ చివర పట్టుకోవాలో తెలియని మా ఆవిడ. నాలుగేళ్లలో మొదటిసారి ఆ వాక్యాన్ని ఆవిడ కళ్లతో చదివాను. వంగి బూట్లు విప్పాను.

మర్నాడు క్షమాపణ చెప్పడానికి కంపెనీకి వెళ్లాం. నల్ల సూట్లలో నలుగురం, ముందు ఒనోదెరా గారు. యోకాన్ మిఠాయి పెట్టె తెచ్చే పూచీ నాది. దాన్ని ఇంటి గుమ్మంలోనే మర్చిపోయి వచ్చాను.

గదిలోకి అడుగు పెట్టేసరికి కంపెనీవాళ్లు పన్నెండుమంది వరసగా నిలబడి నడుములు వంచి ఉన్నారు. మేమూ వంగాం. వాళ్లు ఇంకా వంగారు. మేం ఇంకా వంగాం. తర్వాత ఎవరు ముందు లేవాలో తెలియక కాసేపు అందరం నేలనే చూస్తూ ఉండిపోయాం.

చివరికి ఆట దర్శకురాలు హిరాత్సుకా గారు లేచారు. సన్నగా, కళ్ల కింద నల్లగా ఉన్నారు. "మా ఎనభైమంది ఎనిమిది రోజులుగా ఆ మరణం కోసం వెతుకుతున్నారండీ. నలుగురు పెద్దలు చూశారంటే మా ఆటలో ఎక్కడో తప్పు ఉండే ఉంటుంది. ఇంత వెతికినా దొరకలేదు. మాది చేతగానితనం. ఎక్కడ చూశారో ఒక్క మాట చెబితే…"

లేని తప్పు కోసం ఎనభైమంది. పెళ్లాం ముందు సిగ్గుపడటం నాకు అలవాటే. ఇది వేరు. ముఖం చెల్లక చెవులు కాలిపోయాయి.

"నేను చూడలేదండీ" అన్నాను. "నేను వంతెనే దాటలేదు."

ఒనోదెరా గారు నా వంక తిరిగారు.

"నేను వంతెన దాకా కూడా రాలేదు" అన్నాడు చేదు కాకర, నెమ్మదిగా.

"నేను మొదటి పాట దగ్గరే ఆగిపోయాను" అంది పట్టు రుమాలు. ఈసారి నిజంగా ఏడుస్తోంది.

నిద్రలేని నక్క చేతిసంచిలోంచి ఆట తీసి బల్ల మీద పెట్టాడు. పైన కాగితం కూడా చింపలేదు.

హిరాత్సుకా గారు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశారు. "మరి… ఎవరైనా ఆడారా?"

అప్పుడు తలుపు దగ్గర ఎవరో దగ్గారు. యోకాన్ పెట్టె రెండు చేతులా పట్టుకుని ఫుమియే నిలబడి ఉంది. "మా ఆయన ఇది మర్చిపోయారండీ" అంది.

నేను ఆవిడ వైపు బొటనవేలు చూపించాను. ఉక్కు వేలే.

ఆవిడని కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. ఎలా ఉందని అడిగారు. ఫుమియే ముందు మొహమాటపడింది, తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

"గుర్రం చాలా బాగుందండీ. పోయినసారి అది బండిలాగా ఎటు తిప్పితే అటు పోయేది. ఈసారి అలిసిపోతే ఆగిపోతుంది, అలుగుతుంది, బతిమాలుకోవాలి. అందుకే ప్రేమ పుడుతుంది. మంచులో మన అడుగులు ఉండిపోతాయి చూడండి, తప్పిపోయిన రోజున వాటిని పట్టుకునే ఇంటికి వచ్చాను. ఇక లోపమంటే… మొదటి భాగంలో ఒంటరిగా తిరుగుతుంటే భయంగా, హాయిగా ఉండేది. ఇందులో ప్రతి కొండ మీదా ఎవరో ఒకరు ఆపి పని చెబుతారు. ఒక ముసలమ్మకి పదహారు ముల్లంగులు తెచ్చిచ్చాను. ముల్లంగులు మా ఇంట్లోనూ మొయ్యొచ్చు కదండీ. మాకు విసుగు పుడుతుందేమోనని మీరు భయపడ్డారనిపించింది. పుట్టదు, కాస్త వదిలెయ్యండి."

హిరాత్సుకా గారు కాగితం తెప్పించుకుని రాసుకుంటున్నారు.

"ఇంకొకటి. ఆ వంతెన మీద ఎలుగు." ఫుమియే టీ కప్పు కింద పెట్టింది. "దాన్ని తియ్యొద్దు, మంచి ఎలుగు. కానీ నది కింది వైపు నడిచి దాటే చోటు ఒకటి పెట్టండి. చేతివేళ్లు మొద్దుబారినవాళ్లుంటారు. వాళ్లకీ ఆట మీద ఆశ ఉంటుంది. పాతికేళ్లు ఆడినవాళ్లని మొదటి వంతెన దగ్గరే బయట నిలబెడితే, పాపం, వాళ్లు అబద్ధాలు నేర్చుకుంటారు."

అంతమంది ముందు తిట్టినా ఓర్చుకునేవాణ్ణి. నా తరఫున మాట్లాడేసరికి తల ఎత్తలేకపోయాను. నేల మీద తివాచీలో గళ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

తర్వాతి సంచికలో మా క్షమాపణ పేజీ నిండా వచ్చింది. నలుగురి పెట్టెల్లో ఒకటి కొత్తవాళ్లకి ఇచ్చారు. ఏ పెట్టె అన్నది చెప్పక్కర్లేదనుకుంటాను. కలం పేరు ఏం కావాలని ఒనోదెరా గారు అడిగితే, తన పేరే చాలంది. కురమోచి ఫుమియే. నేనిప్పుడు పొద్దున్నే బియ్యం కడిగి, ఆవిడ ఆడుతుంటే నారింజ పళ్లు ఒలిచి అందిస్తున్నాను.

ఆవిడ మొదటి సమీక్ష అచ్చయిన రోజు చదివి వినిపించింది. పైన మంచి, కింద చెడు, అన్నీ తూచినట్టున్నాయి. చివరి వాక్యం దగ్గర ఆగి, నా వంక చూసి చదివింది.

'కంట్రోలర్ ఏ చివర పట్టుకోవాలో తెలియని మా ఆయన కూడా ఈ ఆటకి కన్నీళ్లు పెట్టుకున్నారు.'

"బాగుందా అండీ?"

"బాగుంది" అన్నాను. కత్తెర నేనే తెచ్చాను. ఫ్రిజ్ మీద అయస్కాంతం ఒక్కటే ఉంది. పాతదాన్ని పూర్తిగా కప్పేసేలా కొత్తది పైన పెట్టబోయాను.

"రెండూ కనిపించేలా పెట్టండి" అంది ఫుమియే, తల తిప్పకుండానే.