చెంచాడు పొడి, ట్యాంకరు నీళ్లు

ఆ ఉదయం నవ్య అనుకున్నది చాలా చిన్న పని. ఆమె జనగామలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. మూడేళ్లు తంటాలు పడి చెంచాడు పొడి తయారుచేసింది. గ్లాసెడు రంగునీళ్లలో చిటికెడు వేసి ఎండలో పెడితే రెండు గంటల్లో తేటపడతాయి. అది ప్రిన్సిపల్ రంజిత్‌కు చూపించి, ల్యాబుకు మంచి పరికరాలు అడగాలని ఆమె ఆశ.

"గీ పొడిల ఏమున్నది మేడం?" అన్నాడు రంజిత్.

"కోర్-షెల్ సెమీకండక్టర్ సార్. ఎగ్ బజ్జీ లెక్క, లోపల ఒక పదార్థం, మీద ఇంకో దాని పొర. కంటికి కనపడనంత చిన్నగుంటది. ఎండ తగిలితే రెండూ కలిసి నీళ్లల్ల రంగును విరగ్గొడ్తయి."

రంజిత్‌కు బజ్జీ అర్థమైంది. మిగతాది అవసరం లేదనుకుని కాలేజీ చైర్మన్ విద్యాసాగర్‌కు ఫోన్ చేశాడు. "మన మేడం మురికినీళ్లను మంచిగ చేసే మందు కనిపెట్టింది సార్!" గ్లాసు సంగతి చెప్పలేదు.

విద్యాసాగర్‌కు నర్మెట్ట దగ్గర బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ ఉంది. వచ్చే ఎన్నికల్లో నిలబడాలన్న కోరికా ఉంది. గంటలో ఆటోకు మైకు కట్టించి ఊళ్లమీదికి తోలాడు. "ఎల్లుండి కాలేజీకి రాండ్రి! ఖరాబైన నీళ్లు తెచ్చుకోండ్రి, మంచినీళ్లు పట్టుకపోండ్రి!"

నవ్య విద్యాసాగర్ దగ్గరికి పరుగున వెళ్లింది. "సార్, నా దగ్గర చెంచాడే ఉన్నది!"

"ఎల్లుండిదాక టైముంది గద. ఒక బస్తా చెయ్యి."

"చెంచాడుకే మూడేండ్లు పట్టింది సార్."

"గందుకే నీ జీతం పెరుగుత లేదు," అన్నాడు విద్యాసాగర్.

మూడో రోజు తొమ్మిదికల్లా కాలేజీ మైదానం బిందెలతో, డ్రమ్ములతో నిండిపోయింది. ప్రారంభోత్సవానికి విద్యాసాగరే పట్టుబట్టి పిలిచిన కాలుష్య నియంత్రణ అధికారి శశికళ వేదిక మీద కూర్చుంది. నవ్య పొడి డబ్బాతో పక్కన నిలబడింది. తండా నుంచి వచ్చిన మోతీ అందరికంటే ముందు బిందె దించింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనకే ఆమె భర్త జాల్యా ట్రాక్టరు ట్యాంకరు విప్పాడు. అవీ ఎర్రగానే ఉన్నాయి.

శశికళ లేచి వచ్చింది. "గింత రంగు ఏడికెల్లి వచ్చిందమ్మా?"

"మా తండ వాగు నీళ్లే మేడం. గొడ్లు గివే తాగుతయి. ఎండకాలం మేం గూడ."

"వాగులకు ఎట్ల వచ్చింది?"

మోతీ వేదిక మీదికి వేలు చూపింది. "గా సారు ఫ్యాక్టరీకెల్లి. సారే తెచ్చుకోమన్నడు గద, తెచ్చినం."

విద్యాసాగర్ మైకు లాక్కుని ప్రయోగం వాయిదా అన్నాడు. శశికళ మాత్రం సీసాలు తెప్పించి పరీక్షకు నీళ్లు నింపించింది.

వారం తిరగకముందే ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. రెండు నెలలకు వాగు తేటపడింది. నవ్య డబ్బా మూత కూడా తీయలేదు.

అయినా "మా కాలేజీ పొడితో వాగు శుభ్రం" అంటూ గేటు మీద ఫ్లెక్సీ వెలిసింది. అబద్ధం కదా అని నవ్య రంజిత్‌ను నిలదీసింది.

"ఊకోండ్రి మేడం, సారు ఇప్పటికే మస్తు పరేషాన్ల ఉన్నడు," అన్నాడతను.

ఫ్లెక్సీలో చైర్మన్ గారి ఫోటో నవ్య ఫోటోకు నాలుగింతలుంది.