గోల్‌కీపరు గెలిచిన ఎన్నిక

ఆదివారం పొద్దున వాసవి అనుకున్న పని చిన్నదే. ఇడ్లీలు దిగేలోపు తెలిసినవాళ్ళకి ఫోన్లు చేసి, క్లబ్బువాళ్ళు ఆన్‌లైన్లో పెట్టిన 'అభిమానుల ఆటగాడు' పోటీలో భర్తకి ఓట్లు వేయించాలి. సాయంత్రంతో గడువు ముగుస్తుంది.

ఫణికుమార్ ఢిల్లీలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి గోల్‌కీపరు. అతనూ క్రాంతీ ఒకే ఏడు చేరారు. క్రాంతి గోల్స్ కొడతాడు, అతని మొహం తలనూనె సీసాల మీద కూడా ఉంటుంది. ఫణికుమార్‌ని సొంత సొసైటీ వాచ్‌మన్ జిమ్ ట్రైనర్ అనుకుంటాడు. కాంట్రాక్టు ఈ నెలతో సరి. ఎవరిని ఉంచుకోవాలో తేల్చేటప్పుడు అభిమానం కూడా చూస్తామని మేనేజరు చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెప్పినప్పటినుంచి ఫణికుమార్ ఫోను బోర్లా పెట్టి తిరుగుతున్నాడు.

"కొట్టేవాణ్ణే చూస్తారు జనం. ఆపేవాణ్ణి ఎవరు చూస్తారే?" అంటూ అత్తగారు కాంతమ్మ తనే కింది ఫ్లాట్ సునందకి ఫోన్ చేసింది. "ఇవాళ మావాడికి ఓటెయ్యాలమ్మా. నలుగురికీ చెప్పు."

ఢిల్లీ ద్వారకలో వాళ్ళుండే ఆ ఫ్లాట్ల సొసైటీకి కొత్త సెక్రటరీని ఎన్నుకునేది ఆ రోజే. ఆ పదవి పేరెత్తగానే అందరికీ సొంతూళ్ళో పెళ్ళిళ్ళు గుర్తొస్తాయి. తనంతట తాను నిలబడే మనిషి దొరికాడని సునంద పొంగిపోయింది.

"పార్కింగ్ గొడవ చూస్తాడా ఆంటీ?"

ఓటుకి బదులు సాయం అడుగుతోందనుకుంది కాంతమ్మ. "చూస్తాడు. మావాడు గీత దాటనిస్తాడా?"

"మరి కోతులు?"

"ఏదొచ్చినా చేత్తో ఆపేస్తాడు. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే కదమ్మా."

సునంద ఆ హామీలన్నీ హిందీలో సొసైటీ గ్రూపులో పెట్టింది. గ్లవ్స్ తొడుక్కున్న ఫణికుమార్ ఫొటోని, దిగిపోతున్న సెక్రటరీ ఖురానా అంకుల్ ప్రతి లిఫ్టులోనూ అంటించాడు.

సాయంత్రం ప్రాక్టీసు నుంచి వచ్చిన ఫణికుమార్‌ని క్లబ్‌హౌస్‌లోకి లాక్కెళ్ళారు. హాలంతా చేతులు లేచాయి. మెళ్ళో దండ పడింది. అదంతా క్లబ్బు పోటీ గురించేననుకున్నాడతను. "నన్ను ఇంతమంది చూస్తున్నారని తెలీదు," అంటూ అందరికీ దణ్ణం పెట్టాడు.

అప్పుడే కిందికొచ్చిన వాసవి గోడమీద 'సెక్రటరీ ఎన్నిక' అన్న బ్యానరు చదివి, ఫోన్లో పోటీ ఫలితం చూసింది. ఫణికుమార్ అందరికన్నా కింద ఉన్నాడు. ఆమె మొహం చూసిన కాంతమ్మ చెయ్యి నొక్కింది. "కాసేపాగవే. వాణ్ణి నవ్వనీ."

ఖురానా అంకుల్ వాటర్ ట్యాంకు గది తాళాలు చేతిలో పెట్టాక అతనికీ విషయం అర్థమైంది. తాళాలగుత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "క్రాంతికి ఇవి ఎవరూ ఇవ్వలేదు కదా," అని జేబులో వేసుకున్నాడు.

ఆ వారం మ్యాచికి సొసైటీ అంతా బస్సు మాట్లాడుకుని వచ్చింది. అతను బంతి ఆపినప్పుడల్లా "సెక్రటరీ సాబ్" అని స్టాండు ఊగిపోయింది. వీళ్ళెక్కడి అభిమానులని మేనేజరు ఆరా తీశాడు.

క్లబ్బు అతన్ని ఇంకో ఏడాదికి ఉంచుకుంది. సొసైటీ మూడేళ్ళకి.