దిగని విమానానికి లెక్క లేదు

విమానాలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూసే ఉద్యోగులకు జీతం తగ్గించడం చాలా మంచి పని. ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. కోప్పడి పేజీ తిప్పేయకండి, చివరిదాకా వినండి!

మనకు ఇన్నాళ్ళూ ఒక చెడ్డ అలవాటు ఉండేది. కష్టమైన పని చేసేవాడికి ఎక్కువ జీతం ఇవ్వాలనుకునేవాళ్ళం. మరి ఆ పని కష్టమో సుళువో తేల్చేదెవరు? చేసేవాణ్ణి అడిగితే కష్టమనే అంటాడు. అందుకని పైఆఫీసు వాళ్ళు ఒక చక్కటి సర్క్యులర్ తెచ్చారు. ఎయిర్‌పోర్టుల్లో కంట్రోల్ టవర్లు ఉంటాయి కదా, వాటిని గ్రేడ్లుగా విడగొట్టారు. ఏడాదిలో ఎన్ని విమానాలు దిగాయి, ఎన్ని లేచాయి అని లెక్కపెడతారు. దిగితే ఒకటి, లేస్తే ఒకటి. దీని పేరు మూవ్‌మెంట్.

ఆరువేల మూవ్‌మెంట్లు నిండితే మూడో గ్రేడు. ఒక్కటి తగ్గినా నాలుగో గ్రేడు. టవర్ గ్రేడు కిందికి దిగితే అందులో కూర్చున్న కంట్రోలర్ల జీతం లెవెల్ కూడా దిగుతుంది. ఇందులో అన్యాయం ఏముంది? లిఫ్టు దిగుతుంటే లోపలున్నవాళ్ళు పైనే నిలబడతారా?

నాకు బాగా నచ్చిన క్లాజు ఒకటుంది. శిక్షణ విమానం ఏదైనా వచ్చి, రన్‌వేను చక్రంతో ఇలా తాకి అలా లేచిపోయిందనుకోండి. రెండు మూవ్‌మెంట్లు! మా బావమరిది పెళ్ళిళ్ళకు ఇలాగే వస్తాడు. అక్షింతలు వేసి, ఫొటోలో ఒక పక్కన నిలబడి, చెయ్యి కడగకుండానే వెళ్ళిపోతాడు. ఇన్నాళ్ళూ అతణ్ణి అనవసరంగా ఆడిపోసుకున్నాం. సర్క్యులర్ ప్రకారం అతనికి రెండు హాజర్లు పడాలి.

అసలు ఈ రూలును అన్నిచోట్లా పెట్టాలని నా వాదన. బెంజ్ సర్కిల్లో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉంటాడు. అతను చెయ్యెత్తి ఆపిన బండికి విలువేమిటి? వెళ్ళిన బండికి కదా లెక్క! ఒక్క నెల అలా జీతమిచ్చి చూడండి. నాలుగు వైపుల వాళ్ళనూ ఒకేసారి రమ్మంటాడు. అలాగే కృష్ణ ఒడ్డున గజ ఈతగాళ్ళు. పిల్లలు లోతుకు వెళ్ళకుండా మెట్ల దగ్గరే అదిలిస్తారు. ఇదేం పని? మునిగేవాళ్ళను ముందే ఆపేస్తే బయటికి లాగినవాళ్ళ లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంట్లో కూడా అమలు చేద్దామని చూశాను. పాలు పొంగకుండా చూడటం పని కాదనీ, పొంగిన పాలు తుడవడమే పనిగా లెక్కిస్తాననీ మా ఆవిడ రమాసుందరితో అన్నాను. ఆవిడ గిన్నె స్టవ్ మీద పెట్టి, గుడ్డ నా చేతికిచ్చి, సీరియల్ చూడటానికి వెళ్ళింది. సంస్కరణలకు ఇంటి నుంచే అడ్డంకులు మొదలవుతాయి.

ఈ సర్క్యులర్ గొప్పతనం నేనెక్కడో చదివి చెప్పడం లేదు. మా గుణదల వీధిలోనే కళ్ళారా చూశాను.

మా వీధి మొదట్లో బడే మియాకు వాచీలు బాగుచేసే దుకాణం ఉంది. ఆయన కూతురు ఫిర్దౌస్ ఉయ్యూరు అవతల చెరుకు తోటల మధ్య ఉన్న నీలిపూడి ఎయిర్‌పోర్టులో పనిచేస్తుంది. చాలా చిన్న ఎయిర్‌పోర్టు. మీరు పేరు విని ఉండరు. మొన్న జనవరిలోనే ఆ అమ్మాయి పరీక్ష పాసై పై లెవెల్‌కు వెళ్ళింది. ఇక బడే మియా వాచీ మూత తీసిన ప్రతిసారీ ఒకటే మాట.

“మా అమ్మాయి కంట్రోలర్ అండీ.”

ఇక్కడే చిక్కొచ్చింది. మా ఊళ్ళో కంట్రోలర్ అంటే బస్టాండులో ఉంటాడు. చిన్న గదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో చెబుతాడు. అందుకని దుకాణానికొచ్చినవాళ్ళు మర్యాదగా అడిగేవారు.

“మియాగారూ, శుక్రవారం మచిలీపట్నం వెళ్ళాలండీ. అమ్మాయితో చెప్పి ముందు సీటు ఒకటి ఆపించండి.”

ఈ పొరపాటు వల్ల సంతోషించినవాడు ఒక్క రామకోటేశ్వరరావు గారే. ఆయన ముప్పై ఏళ్ళు బస్టాండు కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. రోజూ దుకాణంలో బల్ల మీద కూర్చుని పేపరు చదువుతారు. ఫిర్దౌస్ కనబడితే ఎవరో ఒకరికి పరిచయం చేస్తారు.

“మన డిపార్టుమెంటేనండీ. అమ్మాయి స్టాండు కాస్త ఎత్తులో ఉంటుంది, అంతే తేడా.”

ఇక మార్చి ముప్పై ఒకటికి వద్దాం. లెక్కల ఏడాదికి ఆఖరి రోజు. ఆ సాయంత్రానికి నీలిపూడి రిజిస్టర్లో ఉన్నవి ఐదువేల తొమ్మిదివందల తొంభై ఎనిమిది. హైదరాబాద్ నుంచి ఇంకొక్క విమానం రావాలి. అది దిగితే ఒకటి, లేస్తే ఒకటి. సరిగ్గా ఆరువేలు! అయితే పొద్దు గుంకేలోపు జరగాలి. నీలిపూడి రన్‌వేకు లైట్లు ఇంకా టెండర్ల దశలోనే ఉన్నాయి.

టవర్లో మైకు దగ్గర ఫిర్దౌస్. పక్క కుర్చీలో ఇన్‌చార్జి నాగేశ్వరరావు గారు. ఆయన ఆ మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

“ఇదొక్కటి దిగి లేచిందంటే గట్టెక్కినట్టేనమ్మా.”

“తెలుసు సార్.”

“కాస్త జాగ్రత్తగా...”

“జాగ్రత్తగా అంటే?”

“అంటే, దింపేద్దామని.”

ఐదూ ముప్పావుకి విమానం కనబడింది. చక్రాలు దించింది. రన్‌వే పూర్తిగా ఖాళీ. కంచె అవతల చెరుకు నరికిన చేలో ఎవరో ట్రాక్టరుతో దున్నుతున్నారు. నాగలి తిరగేసిన మట్టిలో పురుగుల కోసం వెనకాలే కొంగలు, ఓ రెండు వందలు ఉంటాయి. ట్రాక్టరు కంచె దాకా వచ్చి గిరుక్కున తిరిగింది. కొంగలన్నీ ఒక్కసారి లేచి, కంచె దాటి, రన్‌వే మొదట్లోకి వచ్చేశాయి.

విమానం మైలున్నర దూరంలో ఉంది. ఎదురుగా రెండు వందల కొంగలు. పక్కన నాగేశ్వరరావు గారు. పైన గ్రేడు, కింద లెవెల్.

“గో అరౌండ్” అంది ఫిర్దౌస్ మైకులో. దిగొద్దు, పైకి లేచి ఓ చుట్టు తిరిగి రమ్మని దానర్థం.

కొంగల్ని తోలడానికి జీపు వెళ్ళింది, టపాకాయలు కాల్చారు. అవి ఈ చివర లేచి ఆ చివర వాలాయి. విమానం రెండు చుట్లు తిరిగింది. పైలట్ ఒకసారి ఇంధనం చూసుకున్నాడు, ఒకసారి పడమటి దిక్కు చూశాడు. హైదరాబాద్ వెనక్కి వెళ్ళిపోయాడు.

నాగేశ్వరరావు గారు రిజిస్టరు ముందుకు జరిపారు.

“రాయమ్మా.”

“ఏమని సార్?”

“ఉన్నదే.”

ఐదువేల తొమ్మిదివందల తొంభై ఎనిమిది. నీలిపూడి నాలుగో గ్రేడుకు దిగింది. ఫిర్దౌస్ మూడు నెలల కిందట ఎక్కిన లెవెల్ పోయింది. టవర్లో రెండు కుర్చీలకు ఒకటే మిగిలింది.

సరిగ్గానే కదా జరిగింది! కొంగలు ఇంజన్లోకి వెళ్ళి ఉంటే అంటారా? వెళ్ళలేదుగా! జరగనిదాన్ని ఏ కాలమ్‌లో రాస్తారు? విమానం పడి ఉంటే మాత్రం రూలు ప్రకారం అది కూడా దిగినట్టేనేమో, నాకు తెలియదు. సర్క్యులర్లో వెతకాలి.

మా వీధికి మాత్రం ఈ సూక్ష్మం అర్థం కాలేదు. జీతం లెవెల్ దింపారంటే ఏదో తప్పు చేసి ఉంటుందనుకున్నారు. వాచీ బెల్టు కోసం వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి అడిగేవారు.

“పాపం, ఏం జరిగిందంట మియాగారూ? ఎంక్వయిరీ ఏమైనా వేశారా?”

బడే మియా మొదట్లో కొంగల సంగతి వివరంగా చెప్పేవాడు. వినేవాళ్ళు తలూపి, కొంగలకూ జీతానికీ ఏమిటి సంబంధమని బయటికెళ్ళి నవ్వుకునేవారు. కొన్నాళ్ళకు ఆయన చెప్పడం మానేశాడు. కంట్రోలర్ అన్న మాట కూడా ఆ దుకాణంలో వినబడటం మానేసింది.

రామకోటేశ్వరరావు గారు మాత్రం ఊరుకోలేదు.

“అదెలా కుదురుద్దమ్మా? మా బస్టాండులో బండి లోపలికొచ్చి, ప్లాట్‌ఫారం ఖాళీ లేక ఓ రౌండు కొట్టి పోయినా వచ్చినట్టే రాసేవాళ్ళం. నీ విమానం కూడా రౌండు కొట్టింది కదా?”

“కొట్టింది బాబాయ్ గారూ. దిగలేదు.”

“రానిది రౌండెలా కొడుద్దీ? నేను రాస్తానుండు.”

నిజంగానే రాశారు. రౌండు కొట్టిన విమానమును వచ్చినట్లే భావించి, కంట్రోలర్ లెవెల్ పునరుద్ధరించవలెనని రెండు పేజీల అర్జీ. పైఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు.

ఆరు వారాలకు జవాబొచ్చింది. ఆ వేళ నేను వాచీ బెల్టు మార్పించుకోవడానికి దుకాణంలోనే ఉన్నాను. ఫిర్దౌస్‌కు సెలవు, తండ్రికి టీ తెచ్చి, అందరికీ గ్లాసుల్లో పోస్తోంది. రామకోటేశ్వరరావు గారు కళ్ళజోడు సవరించుకుని గట్టిగా చదివారు.

“రౌండు అను పదము నిబంధనలలో లేదు. సదరు విమానము సదరు తేదీన నీలిపూడికి రాలేదు. పైగా అందలి అరవై ఇద్దరు ప్రయాణికులు టవర్ సిబ్బంది తమను అకారణముగా వెనుకకు పంపినారని ఫిర్యాదు చేసియున్నారు. నకలు జతచేయడమైనది.”

ఆయన కాగితం దించారు. “రాని విమానంలోంచి అరవై ఇద్దరు ఫిర్యాదు ఎలా పెట్టారయ్యా?”

బడే మియా ఆ నకలు తీసుకుని, అలవాటు ప్రకారం కంటికి భూతద్దం తగిలించుకున్నాడు.

“చేతిరాత ముత్యాల్లా ఉందండీ” అన్నాడు. అద్దం కిందికి జరిగింది. మొదటి సంతకం దగ్గర ఆగింది. తర్వాత ఆ అద్దంలోంచే నా వైపు చూశాడు.

అవును. ఆ విమానంలో తొమ్మిదో వరసలో నేనున్నాను. చెరుకు మోళ్ళు లెక్కపెట్టేంత కిందికి వచ్చాక అది గర్జించి పైకి లేచింది. టవర్ వాళ్ళు దిగొద్దన్నారట, సాంకేతిక కారణాలన్నారు. ఎవరూ కొంగల మాట చెప్పలేదు. హైదరాబాద్‌లో దిగాక అందరం అరిచాం. చేతిరాత బాగుంటుందని కాగితం నాకిచ్చారు. అకారణముగా అన్న మాట నాదే. దాని కింద రెండు గీతలు కూడా గీశాను.

“అమ్మాయ్” అన్నాను, “ఆ రోజు నేను...”

ఫిర్దౌస్ నా గ్లాసు నా ముందుకు జరిపింది.

“మీరు ఆ రోజు రాలేదండీ. మా రిజిస్టర్లో అలాగే ఉంది. టీ తాగండి, చల్లారిపోతోంది.”